సద్దాం హుస్సేన్ ఉరి: ఒకే ఇంట్లో ఊరటా, కలతా ఎందుకు కలిశాయి?

లాసన్స్ బే పాఠకురాలు అడిగిన ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. చాలా ఏళ్ళుగా మనసులో ఉండిపోయిన ఒక సందేహం ఈ మధ్య తరగతి గదిలో మళ్ళీ ఎదురైంది కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధిస్తాను. నియంతృత్వం మీద పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థి లేచి, "ఇరాక్ నియంత సద్దాం హుస్సేన్ లాంటి క్రూరుణ్ణి ఉరితీస్తే లోకమంతా సంతోషించాలి కదా మేడమ్, మన ప్రభుత్వం నిరాశ ఎందుకు వ్యక్తం చేసింది?" అని అడిగాడు. ఆ అబ్బాయి చదివి వచ్చినది నిజమే. ఉరి అమలు కాకూడదని ఆశించామనీ, అమలు కావడం నిరాశ కలిగించిందనీ అప్పటి విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ ప్రకటించారు. సద్దాం 1974లో, ఇరాక్ ప్రభుత్వంలో రెండో స్థానంలో ఉన్నప్పుడే మన దేశానికి రావడం, మరుసటి ఏడాది ఇందిరాగాంధీ ఇరాక్ వెళ్ళడం, చమురు సరఫరా, కాశ్మీర్ విషయంలో ఆ దేశం మన పక్షాన మాట్లాడటం ఇవన్నీ చెప్పి అతణ్ణి కూర్చోబెట్టాను. అయితే అది ప్రభుత్వాల సంగతి. మనుషుల సంగతి ఏమిటని నన్ను నేనే అడుగుకుంటూ ఇంటికి వచ్చాను.

సద్దాం సైన్యం కువైట్‌ను ఆక్రమించిన 1990 ఆగస్టులో మా నాన్నగారు అక్కడే ఉన్నారు. ఆరేళ్ళు ఎండలో పనిచేసి కూడబెట్టినదంతా అక్కడే వదిలి ఒక చేతిసంచితో తిరిగి వచ్చారు. మా ఇంట్లో సద్దాం పేరు శాపనార్థాలలో తప్ప వినబడేది కాదు. 2006 డిసెంబరు 30, శనివారం నాడు, మన గడియారం ప్రకారం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో బాగ్దాద్‌లో ఉరి అమలైంది. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. టీవీలో వార్త రాగానే, చేటలో బియ్యం ఏరుతున్న మా మామ్మ చేతులు ఆపి "పీడ విరగడైంది" అన్నది. మా అమ్మ దేవుడి పటాల వైపు తిరిగి దండం పెట్టుకుంది. కాసేపటికి, తాడును మెడకు తగిలించే దృశ్యం చూపించడం మొదలుపెట్టగానే నాన్నగారు లేచి టీవీ కట్టేసి, కాఫీ గ్లాసు సగంలోనే వదిలి, చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మూడింటి దాకా రాలేదు. ఆ తరువాత ఆ ప్రస్తావన మా ఇంట్లో ఎవరూ తేలేదు. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. బతికి ఉండగా నేను అడగనే లేదు.

తన బతుకును నిలువునా ముంచినవాడి చావును కూడా ఆయన చూడలేకపోవడాన్ని నేను ఎలా అర్థం చేసుకోవాలి? అది జాలా? విచారణ సక్రమంగా సాగలేదన్న అసంతృప్తా? 2003లో సద్దాంను గద్దె దించిన అమెరికా సైన్యం నీడలో జరిగిన పని కాబట్టి కలిగిన వెగటా? ఆ రోజులు చూసిన పెద్దలూ, న్యాయశాస్త్రం తెలిసినవారూ తమకు తోచినది రాయవలసిందిగా కోరుతున్నాను.


గాజువాక విశ్రాంత వెల్డరు జవాబు:

అమ్మా, మీ నాన్నగారు ఎవరో నాకు తెలియదు కానీ, ఆయన వచ్చిన దారిలోనే నేనూ వచ్చాను కాబట్టి ముందుగా నేను రాయడం ధర్మం.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను అక్కడ వెల్డింగ్ పనిలో ఉన్నాను. మా కఫీల్, అంటే మా వీసాకు పూచీ ఉన్న యజమాని, కుటుంబంతో సహా సౌదీకి వెళ్ళిపోయాడు, మాకు రావలసిన మూడు నెలల జీతం అతనితోనే పోయింది. చేతిలో ఉన్న కువైట్ దినార్లు ఉన్నాయిలే అనుకుంటే, ముందు వాటిని ఇరాక్ దినార్లతో సమానమని ప్రకటించారు, ఆ తరువాత అసలు చెల్లవన్నారు. ఆ నోట్లు కొన్ని ఇప్పటికీ పాలిథిన్ సంచిలో చుట్టి మా బీరువాలో ఉన్నాయి. మనవళ్ళు ఎప్పుడైనా తీసి చూస్తామంటే నేను ఇవ్వను.

కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు దాకా బస్సుల్లో, లారీల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా వచ్చాము. ఎడారిలో గుడారాల కింద తొమ్మిది రోజులు నీళ్ళ కోసం వరసల్లో నిలబడి, చివరికి అమ్మాన్‌లో విమానం ఎక్కాము. అప్పట్లో ఎయిర్ ఇండియా 488 విమానాల్లో లక్షా పదివేలకు పైగా మందిని తీసుకువచ్చిందంటే, ఎంతమంది కష్టార్జితం ఆ ఎడారిలో ఇంకిపోయిందో ఊహించుకోండి.

ఆ ప్రయాణంలో ఒక సంగతి మాత్రం నాకు ఈ రోజుకీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. బాగ్దాద్‌లో ఏ కూడలి చూసినా సద్దాం నిలువెత్తు బొమ్మలే. ఒకచోట బస్సు ఆగినప్పుడు మాలో ఒక శ్రీకాకుళం కుర్రాడు ఆ బొమ్మను చూసి తెలుగులోనే గట్టిగా తిట్టాడు. ఆ తిట్టులో మా బస్సు డ్రైవరుకు అర్థమైన మాట సద్దాం పేరు ఒక్కటే. అప్పటిదాకా మాకు తన ఖుబ్బూస్ రొట్టె విరిచి పంచిపెట్టిన ఆ ఇరాకీ మనిషి ఒక్కసారిగా పాలిపోయి, నోటి మీద వేలు ఉంచుకుని, రెండో చేత్తో స్టీరింగును పట్టుకోబోతే ఆ చెయ్యి వణకడం నేను చూశాను. అధ్యక్షుణ్ణి బహిరంగంగా దూషిస్తే మరణశిక్ష దాకా విధించవచ్చని 1986లోనే అక్కడ ఉత్తర్వు ఇచ్చారని నాకు తరువాత ఎప్పుడో తెలిసింది. మేము పోగొట్టుకున్నది డబ్బు. ఆ డ్రైవరు తన సొంత ఊళ్ళో, తన సొంత బస్సులో, భాష తెలియని మనుషుల మధ్య కూడా ఆ పేరు వింటే వణికిపోయే స్థితిలో బతుకుతున్నాడు.

అందుకే 2006లో ఆ వార్త విన్నప్పుడు నేను సంతోషించాను. ఆ డ్రైవరు బతికి ఉంటే ఆ రాత్రి కంటినిండా నిద్రపోతాడని అనుకున్నాను. ఆ సంతోషానికి నేను ఇప్పటికీ సిగ్గుపడటం లేదు, ఎవరైనా సిగ్గుపడమని చెబితే ఒప్పుకోను కూడా.

అయితే మీరు అడిగిన కలత నాకు వేరే దారిలో వచ్చింది. యుద్ధం తరువాత ఐక్యరాజ్యసమితి ఒక పరిహార సంఘాన్ని పెట్టి, మాలాంటి వలస కూలీలకు నష్టపరిహారం ఇచ్చింది. నాకు 2,500 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతోనే మా ఇంటికి స్లాబు వేయించాను. అది సద్దాం సొంత ఆస్తి నుంచి వచ్చిన డబ్బు కాదని, ఆంక్షల కింద ఇరాక్‌ను అమ్మనిచ్చిన చమురు రాబడిలో మొదట నూటికి 30 వంతులు, ఆ తరువాత 25 వంతులు పక్కకు తీసి మాకు పంచారని మా అబ్బాయి చదివి చెప్పినప్పుడు నాకు అన్నం సహించలేదు. అక్కడి ఆసుపత్రుల్లో మందులు దొరకని రోజులవి. ఆ దేశం చెల్లించిన మొత్తం 5,240 కోట్ల డాలర్లని, చివరి వాయిదా 2022 జనవరిలో కట్టారని పత్రికలో చూశాను. అంటే సద్దాంను ఉరితీసిన పదిహేనేళ్ళ తరువాత కూడా, కువైట్ మీదకు వెళ్ళమని ఎన్నడూ చెప్పని ఆ డ్రైవరు పిల్లలు, మనవలు, ఆ అప్పు తీరుస్తూనే ఉన్నారు.

మీ నాన్నగారు టీవీ కట్టేసింది సద్దాం మీద జాలితోనని మాత్రం నేను అనుకోలేను అమ్మా.


మహారాణిపేట న్యాయవాది జవాబు:

గాజువాక పెద్దాయన రాసినదానికి చేతులెత్తి నమస్కరిస్తూ, నా వృత్తి దృష్టితో కొన్ని మాటలు రాస్తాను. నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా సెషన్స్ కోర్టులో క్రిమినల్ కేసులు వాదిస్తున్నాను. మరణశిక్షను అన్ని వేళలా వ్యతిరేకించేవారిలో నేను లేను. అయినా ఈ ఉరి విషయంలో నా మనసు ఇరవై ఏళ్ళుగా కుదుటపడలేదు, అందుకు కారణం ఆయన మీద సానుభూతి ఎంతమాత్రం కాదు.

ఆయనను ఏ నేరానికి ఉరితీశారో చాలామందికి గుర్తు ఉండదు. 1982 జులై 8న బాగ్దాద్‌కు ఉత్తరాన ఉన్న దుజైల్ అనే పట్టణంలో ఆయన వాహనాల మీద కాల్పులు జరిగాయి. ఆయనకు ఏమీ కాలేదు. దానికి ప్రతీకారంగా వందలాది కుటుంబాలను ఆడవాళ్ళతో, పసిపిల్లలతో సహా నిర్బంధించి ఎడారి శిబిరాలకు తోలారు, ఆ ఊరికి బతుకుతెరువైన ఖర్జూరపు తోటలను, పండ్ల తోటలను యంత్రాలతో పెకలించారు, 148 మంది షియాలకు (ముస్లింలలో సున్నీలు కాని మరో శాఖవారికి) మరణశిక్షలు వేశారు. వారిలో కొందరు శిక్ష పడేనాటికే చిత్రహింసల్లో చనిపోయారు, కొందరు మైనర్లు. వారిని విప్లవ న్యాయస్థానానికి అప్పగించినదీ, తోటలు తీసివేయించినదీ తానేనని, అందులో నేరమేముందని 2006 మార్చిలో సద్దాం నిండు కోర్టులో వాదించాడు. కాబట్టి నేరం రుజువైందా అన్న ప్రశ్న నన్ను పెద్దగా బాధించదు.

నన్ను బాధించేది ఆ తరువాతి వరుస. 2006 నవంబరు 5న తీర్పు వచ్చింది. డిసెంబరు 26న అప్పీలు కొట్టివేశారు. డిసెంబరు 30న ఉరితీశారు. అప్పీలుకూ ఉరికీ మధ్య నాలుగు రోజులు. మన దేశంలో, క్షమాభిక్ష తిరస్కరించిన సంగతి ఖైదీకి తెలియజేశాక కనీసం పద్నాలుగు రోజులు ఆగాలని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖైదీ మనసును సిద్ధం చేసుకోవడానికి, కుటుంబాన్ని చివరిసారి చూసుకోవడానికి, మిగిలిన చట్టపరమైన దారులు ఏమైనా ఉంటే వెతుక్కోవడానికి ఆ గడువు. అది ఇరాక్‌కు వర్తించదని నాకు తెలుసు. కానీ ఇరాక్ సొంత చట్టం కూడా ఉన్నది. 1971 నాటి వారి క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో 290వ నిబంధన, సెలవు దినాలలోనూ, ఖైదీ మతానికి చెందిన పండుగ రోజులలోనూ మరణశిక్ష అమలు చేయరాదని చెబుతున్నది. ఆయన సున్నీ. ఆ రోజు ఇరాక్‌లో సున్నీలకు బక్రీద్ మొదలైన రోజు, షియాలకు మర్నాడు. అధ్యక్షుడు జలాల్ తలబానీ ఉత్తర ఇరాక్‌లో ఉండే కుర్దు జాతివాడు, తన జాతిని ఊచకోత కోసినవాడి విషయంలో కూడా మరణశిక్షకు సూత్రరీత్యా వ్యతిరేకి. ఆయన సంతకం లేకుండా, ప్రధాని నూరీ అల్ మాలికీ సంతకంతో పని కానిచ్చారు.

విచారణ ఎలా సాగిందో కూడా చెప్పాలి. 2005 అక్టోబరు 19న మొదలైతే మరునాడే నిందితుల తరఫు న్యాయవాదులలో ఒకరిని అపహరించి చంపారు. విచారణ ముగిసేలోగా అలా ముగ్గురు న్యాయవాదులు హతమయ్యారు. నిందితుణ్ణి ఎక్కువగా మాట్లాడనిస్తున్నారని ప్రభుత్వ వర్గాలు విమర్శించడంతో మొదటి ప్రధాన న్యాయమూర్తి రిజ్‌గార్ అమీన్ 2006 జనవరిలో తప్పుకున్నారు. ఆయన స్థానంలో వచ్చిన రవూఫ్ అబ్దుల్ రహ్మాన్ సొంత ఊరు హలబ్జా, అంటే సద్దాం సైన్యం 1988 మార్చి 16న విషవాయువు వదిలి వేలమందిని చంపిన ఊరు. ఆ న్యాయమూర్తి నిజాయితీని నేను శంకించడం లేదు. అయితే మన కోర్టుల్లో ఒక చిన్న ఆస్తి తగాదాలో కూడా అలాంటి సంబంధం ఉంటే న్యాయమూర్తి ఆ కేసును వేరొకరికి బదిలీ చేయమని తానే కోరతారు.

నా అసలు ఫిర్యాదు కుర్దుల తరఫున. 1988లో అన్ఫాల్ పేరుతో కుర్దుల మీద జరిగిన దాడుల్లో చనిపోయినవారి సంఖ్య 1,82,000 అని కుర్దులు చెబుతారు, మానవ హక్కుల సంస్థల అంచనా 50,000 నుంచి లక్ష దాకా ఉన్నది. ఆ కేసు విచారణ 2006 ఆగస్టులో మొదలైంది, సద్దాం అందులో మొదటి ముద్దాయి. ఊళ్ళ నుంచి వచ్చిన రైతులు, వాయువుతో చూపు పోయినవారు, బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఒక్కొక్కరే బోనెక్కి, ఆయన ఎదుట నిలబడి సాక్ష్యం చెబుతున్నారు. ఇంకా చెప్పవలసినవారు వరుసలో ఉన్నారు. అంతలో దుజైల్ తీర్పు మీద ఉరితీశారు. 2007 జనవరిలో కోర్టు తిరిగి కూర్చునేసరికి మొదటి ముద్దాయి కుర్చీ ఖాళీ. చనిపోయాడు కాబట్టి ఆయన మీద అభియోగాలు ఎత్తివేశారు. ఆ జూన్‌లో ఆయన దాయాది అలీ హసన్ అల్ మజీద్‌కు శిక్ష పడింది కానీ, ఆజ్ఞ ఇచ్చిన అధినేత పేరు మీద అన్ఫాల్ గురించి ఏ న్యాయస్థానం తీర్పూ లేదు, ఇక ఉండదు. నూట నలభై ఎనిమిది మందికి తీర్పు దొరికింది, లక్షమందికి దొరకలేదు. ఆ ఉరిని చూసి సంతోషించిన కుర్దులలోనే ఎందరో, తమ కేసు తేలనివ్వకుండా ఎందుకు తొందరపడ్డారని ఆనాడే అడిగారు.

ఇక ఉరి జరుగుతుండగా ఎవరో సెల్‌ఫోనులో తీసిన దృశ్యం. ప్రభుత్వం విడుదల చేసిన దానిలో శబ్దం లేదు, అంతా క్రమంగా జరిగినట్టే కనిపిస్తుంది. ఆ తరువాత బయటకు వచ్చిన ఈ సెల్‌ఫోను దృశ్యంలో, ఉరికంబం చుట్టూ నిలబడినవారు ముక్తదా అల్ సదర్ అనే షియా మతనాయకుడి పేరును నినాదంగా అరవడం, నరకానికి పొమ్మని దూషించడం, ప్రాసిక్యూటరు మున్‌కిత్ అల్ ఫరూన్ ఈ మనిషి మరణం ముందు నిలబడి ఉన్నాడు, దయచేసి ఆపండని వేడుకోవడం వినిపిస్తుంది. సద్దాం రెండోసారి కలిమా (ముస్లింల విశ్వాస వాక్యం) చదువుతూ ఉండగానే, పూర్తి కాకముందే, కాళ్ళ కింది పలక తెరుచుకుంది. జగదాంబ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణంలో పదిరూపాయలకు ఆ దృశ్యాన్ని మెమరీ కార్డులో ఎక్కించి ఇవ్వడం నేను స్వయంగా చూశాను. కొనుక్కున్న కుర్రాళ్ళు నవ్వుతూ మొదలుపెట్టి, ఆ అరుపులు వినబడే చోటికి వచ్చేసరికి మాట్లాడటం మానేశారు. అందులో ఒకడు నాతో, "ఇది కోర్టు పనిలా లేదు సార్" అన్నాడు. ఎల్‌ఎల్‌బీ చదవని ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పినది నేను ఇంత పొడవున రాశాను.


కోటవీధి నివాసి జవాబు:

మేడమ్ గారూ, మన దేశంలో ఆ ఏడు బక్రీద్ జనవరి 1న వచ్చింది. అంటే ఆ వార్త వచ్చిన రోజున మేము పండుగ సరుకులు తెచ్చుకుంటున్నాము.

మా పెద్దనాన్నకు సద్దాం అంటే ఏనాడూ గౌరవం లేదు. ఆయన చేతిలో చచ్చిన కుర్దులు ముస్లింలు, షియాలు ముస్లింలు, ఎనిమిదేళ్ళ యుద్ధంలో చచ్చిన ఇరానీలు ముస్లింలు, ఆయన ఆక్రమించిన కువైట్ ముస్లిం దేశం, ఇక ఆయన ఎవరి నాయకుడని మా పెద్దనాన్న అడిగేవాడు. అదే మనిషి ఆ శనివారం నాడు దుకాణం మెట్ల మీద కూర్చుని, "వారం ఆగలేకపోయారా" అని పదిసార్లు అన్నాడు. ఆ రోజుల్లో మా వీధిలో సద్దాంను పొగిడినవాళ్ళు కూడా ఉన్నారు, నేను కాదనను. కానీ వారం ముందు అదే వీధిలో ఆయన పేరు ఎత్తినవాడే లేడు. పండుగ తెల్లవారుజామున ఉరితీయడం వల్ల, బతికి ఉండగా ఎన్నడూ దక్కని మర్యాద ఆయనకు ఒక్క ఉదయంలో దక్కింది. బాగ్దాద్‌లో షియాలు ఉండే సదర్ సిటీలో వీధుల్లోకి వచ్చి పండుగ చేసుకున్నారు, ఆయన సొంత ప్రాంతమైన తిక్రిత్‌లో ఏడ్చారు, ఆ రోజే ఇరాక్‌లో కారు బాంబులు పేలి ఎందరో అమాయకులు పోయారు. మా పెద్దనాన్న బాధ అదీ.


పెదవాల్తేరు చరిత్ర విద్యార్థి జవాబు:

ఈ ప్రశ్నకు మన ఊరి చరిత్రలోనే ఒక పాత ముడి ఉన్నదని నాకు అనిపిస్తుంది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఓడరేవు మీద, దాని చుట్టుపక్కల పడిన ఆ బాంబులకు భయపడి రోజుల వ్యవధిలో ఊరు సగానికి పైగా ఖాళీ అయిందని పెద్దలు చెప్పేవారు. మా మామ్మకు అప్పుడు పదకొండేళ్ళు. పొయ్యి మీద ఉడుకుతున్న పప్పును అలాగే వదిలి, చంటి తమ్ముణ్ణి చంకన వేసుకుని, చోడవరం వెళ్ళే ఎడ్లబండి వెనక నడిచానని, తిరిగి వచ్చాక చూస్తే ఆ కుండ అడుగంటి నల్లగా బిగుసుకుపోయి ఉన్నదని చెప్పేది. ఆ బాంబులు పంపిన ప్రభుత్వానికి అప్పుడు ప్రధాని తోజో. యుద్ధం గెలిచిన దేశాలు పెట్టిన టోక్యో న్యాయస్థానం తీర్పు మేరకు ఆయనను, మరో ఆరుగురిని 1948 డిసెంబరు 23న ఉరితీశారు.

ఆ న్యాయస్థానంలో పదకొండు మంది న్యాయమూర్తులలో ఒకరు మన దేశం నుంచి వెళ్ళిన రాధాబినోద్ పాల్. ఆయన వెయ్యికి పైగా పుటల భిన్నాభిప్రాయం రాసి, నిందితులందరినీ విడిచిపెట్టాలని చెప్పారు. జపాన్ సైన్యం చేసిన ఘోరాలను ఆయన కాదనలేదు, వాటికి సాక్ష్యం తిరుగులేనిదని ఒప్పుకున్నారు. ఆయన అభ్యంతరమల్లా, గెలిచినవారే న్యాయమూర్తులను ఎంచి, యుద్ధం ముగిశాక చట్టాన్ని తయారు చేసి, ఓడినవారిని మాత్రమే బోనెక్కించడాన్ని న్యాయమని పిలవవచ్చా అన్నదే. బాంబులు పడిన ఊరి మనిషిగా నేను తోజోను క్షమించలేను. అయినా పాల్ గారి ప్రశ్నను కొట్టిపారేయలేను. న్యాయవాది గారు ఇరాక్ గురించి రాసినది చదువుతుంటే నాకు అదే ఇరకాటం గుర్తుకు వచ్చింది.

ఇక్కడ మరో సంగతి కూడా చూడాలి. టోక్యోలో, యుద్ధాల్లో చనిపోయిన జపాన్ సైనికులను స్మరించే యసుకుని ఆలయంలో పాల్ గారికి స్మారకం కట్టారు. జపాన్ సైన్యం అసలు తప్పే చేయలేదని వాదించేవారు ఆయన పేరునే అడ్డం పెట్టుకుంటారు. ఆయన ఒప్పుకున్న ఘోరాలను వదిలేసి, న్యాయస్థానం మీద ఆయన చూపిన లోపాలను మాత్రమే పట్టుకుంటారు. విచారణలో లోపం మిగిలితే, ముద్దాయి అభిమానులు తరతరాలూ ఆ లోపం వెనకే దాక్కుంటారు. దుజైల్ తోటలు పెకలించిన మనిషిని, ఆ సెల్‌ఫోను దృశ్యం ఒక్కటి చూపి, వీరుడని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారంటే కారణం అదే.


గాజువాక విశ్రాంత వెల్డరు మళ్ళీ రాసినది:

న్యాయవాది గారూ, మీరు రాసిన అన్ఫాల్ సంగతి నాకు ఇంతవరకు తెలియదు, తెలిసినందుకు బరువుగానే ఉన్నది. అయినా ఒక మాట అడగనివ్వండి. యుగోస్లావియా నాయకుడు మిలోసెవిచ్ మీద హేగ్‌లో నాలుగేళ్ళు విచారణ సాగి, తీర్పు రాకముందే 2006 మార్చిలో ఆయన జైలు గదిలో చనిపోయాడు. చిలీ నియంత పినోచే మీద ఎన్ని కేసులు ఉన్నా ఒక్కదానిలోనూ శిక్ష పడకుండానే, 2006 డిసెంబరు 10న, అంటే సద్దాం ఉరికి సరిగ్గా ఇరవై రోజుల ముందు, ఆసుపత్రి మంచం మీద పోయాడు. ఉగాండా ఇదీ అమీన్ సౌదీలో సుఖంగా బతికి పోయాడు. అన్ఫాల్ కేసు తేలేదాకా ఆగి ఉంటే, అరవై తొమ్మిదేళ్ళ సద్దాం కూడా అలాగే ఏ తీర్పూ లేకుండా పోతే, దుజైల్ తల్లులకు మీరు ఏమని సమాధానం చెప్పేవారు?


మహారాణిపేట న్యాయవాది మళ్ళీ రాసినది:

బాబాయి గారూ, దుజైల్ తీర్పు అప్పటికే వచ్చింది, అప్పీలు కూడా అయిపోయింది. శిక్ష అమలును ఒక ఏడాది ఆపి అన్ఫాల్ సాక్ష్యాలు పూర్తిచేసి ఉంటే, ఈలోగా ఆయన పోయినా దుజైల్ తల్లుల చేతిలో తీర్పు ఉండేది, కుర్దు తల్లుల మాటలు కోర్టు రికార్డులో ఆయన ఎదుటే నమోదయ్యేవి. కానీ బాగ్దాద్‌లో రోజూ పదుల సంఖ్యలో శవాలు దొరుకుతున్న ఆ శీతాకాలంలో, అభిమానులు జైలు మీద దాడిచేసి విడిపిస్తారేమోనని భయపడిన ప్రభుత్వానికి ఏడాది ఆగే ధైర్యం ఉన్నదా అని మీరు అడిగితే, లేదనే ఒప్పుకుంటాను.


లాసన్స్ బే పాఠకురాలు చివరగా రాసినది:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ మా అమ్మకు చదివి వినిపించాను. గాజువాక బాబాయి గారి బస్సు డ్రైవరు దగ్గర అమ్మ కళ్ళు తుడుచుకుంది. మొత్తం విన్నాక, ఆ రోజు మధ్యాహ్నం నాన్నగారు తిరిగి వచ్చి అన్నం తింటూ తనతో అన్న మాటను, ఇన్నేళ్ళలో మొదటిసారి నాకు చెప్పింది.

కువైట్‌లో నాన్నగారి క్యాంపు గది మీద ఒక రాత్రి ఎవరో పడి, చేతి గడియారంతో సహా ఉన్నదంతా ఊడ్చుకుపోయారట. వచ్చినవాళ్ళందరూ కళ్ళు మాత్రమే కనబడేలా ముఖాలకు ముసుగులు బిగించుకుని ఉన్నారట. టీవీలో ఉరికంబం మీద సద్దాం ముఖానికి ముసుగు లేదు, ఆయనే వద్దన్నాడు. ముసుగులు ఉన్నది ఉరితీసేవాళ్ళకు. నల్లటి ముసుగులతో, మామూలు తోలు జాకెట్లతో ఉన్న ఆ మనుషులు తాడు పట్టుకుని దగ్గరికి రావడం చూడగానే తనకు ఆ రాత్రి గది తలుపు గుర్తుకు వచ్చిందనీ, కోర్టు పంపినవాళ్ళయితే ముఖం దాచుకోవడం ఎందుకనీ నాన్నగారు అన్నారట. ఆ తరువాత మజ్జిగ పోసుకుని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదట.

సోమవారం నా తరగతిలో సద్దాం మీద అన్ఫాల్ కేసు ఎందుకు మూతపడిందో, ఇరాక్ చట్టంలో 290వ నిబంధన ఏమి చెబుతుందో, 2022 దాకా ఎవరు ఎవరికి డబ్బు చెల్లించారో చెబుతాను. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నను మళ్ళీ అతనినే చదవమని, ఈసారి పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాను.